పంచమం తీసేస్తే

“ఇందులో ఏ సొరం తీసెస్తే పరవాలేదు మాస్టారూ?”

ఫోనులో ఆ ప్రశ్న వినగానే దత్తాత్రేయకి తిక్కరేగింది. విజయనగరంలో ముప్ఫయ్యేళ్ళుగా గిటార్ నేర్పుతున్నాడు. మూడు నాలుగు స్వరాలు ఒకేసారి మోగించే కార్డులోకి ఏ స్వరం చేర్చాలని అడిగినవాళ్ళున్నారు గానీ, ఏది తీసెయ్యాలని అడిగిన మహానుభావుడు ఈ తిరుమలరావు ఒక్కడే.

“తీసెయ్యడం సరే. ముందు మేజర్ కార్డులో ఏమేం ఉన్నాయో చెప్పు.”

“స, గ, ప.”

“ఎలా వచ్చాయి?”

“స నుంచి నాలుగు మెట్లు లెక్కెడితే గ. అక్కణ్ణుంచి మూడు లెక్కెడితే ప. అదే ముందు మూడు, తరవాత నాలుగు లెక్కెట్టామనుకోండి, మైనరు.”

“తేడా ఎవరివల్ల వచ్చింది?”

“గ వల్ల. స, ప కదల్లేదు. గ ఒక మెట్టు దిగిందంతే.”

“ఆ ఒక్క మెట్టుతోనే నవ్వుతున్న కార్డు మొహం చిన్నబుచ్చుకుంటుంది. అందుకని గ జోలికి పోకు. స అంటావా, బేస్ వాయించేవాడు ఎలాగూ పలికిస్తాడు. పంచమం ఉంటే నిండుగా ఉంటుంది, లేకపోయినా కార్డు పేరు మారదు. అంతగా తీసెయ్యాలనుంటే దాన్ని తీసెయ్.”

“మరి సెవెన్త్ కార్డులో?”

“ఉన్న నాలుగింట్లో గ, ని ఉంచు.”

“రెండే సాలా?” తిరుమలరావు గొంతు పండగ చేసుకుంది. “నిజిఁవేనా మాస్టారూ? రెండే?”

దత్తాత్రేయకి ఒళ్ళు మండింది. ఈ తిరుమలరావు ఒకప్పుడు ఆయన దగ్గరే రెండేళ్ళు నేర్చుకున్నాడు. పాఠం మొదలెడితే చాలు ఆవలించేవాడు, వాయిస్తే మాత్రం చెవులు అప్పగించాల్సిందే. ఆ చేతివాటంతోనే జగన్నాధం ఆర్కెస్ట్రాలో చేరి పదిహేనేళ్ళు వాయించాడు. పగలు కోటబొమ్మాళి స్టేషన్ రోడ్డులో చెరుకురసం బండి. నాలుగు నెలల కిందట ఆర్కెస్ట్రాకి వెళ్ళడం మానేశాడని ఎవరో అన్నారు. రెండు నెలల నుంచీ రోజూ పొద్దున్నే మాస్టారికి ఫోను, కార్డులెలా కట్టాలో చెప్పమని.

“కార్డు ఎలా పుడుతుందో తెలీకుండానే పదిహేనేళ్ళు ఝామ్మని వాయించావు కదరా. ఇప్పుడేమిటి శాస్త్రం మీద ఈ మోజు?”

“ఇన్నాళ్ళూ సెయ్యే సూసుకునేది మాస్టారూ. ఇప్పుడు నాకు తెలియాల.”

“వేదాంతం చెప్పకు. ఎఫ్ మేజర్ పట్టు. ఆరు తీగలూ మోగాలి.”

“అది వద్దు మాస్టారూ. సిన్నది సెప్పండి.”

“అన్నీ చిన్నవే కావాలి! ఇలా వాయిస్తే ఐదు వేళ్ళూ నోట్లోకి వెళ్ళినట్టే!”

అవతల నవ్వు వినిపించింది. తిడుతుంటే నవ్వేవాడికి ఏం చెప్తాం? అయినా దత్తాత్రేయ ఫోను పెట్టెయ్యలేదు.

“ఆదివారం జగన్నాధం నా వాయింపు వింటాడట మాస్టారూ, విజయనగరంలోనే. నచ్చకపోతే నా సీటు కొత్తవలస ఆయనికి ఇచ్చేస్తాడు.”

“నాలుగు నెలలు మానేస్తే అట్టేపెడతారా మరి? బండి మీద ధ్యాస ఎక్కువైందా?”

“బండి అమ్మేసినాను. ఆ రసం మిషను మొకం ఇంక సూడను. మా యమున పాడతంటే పక్కన కూకుని వాయించడం తప్ప నాకేటొచ్చు మాస్టారూ? ఆ సీటు పోతే నేనేటయిపోతానో నాకే తెలీదు.”

దత్తాత్రేయ మనసు కలుక్కుమంది. కానీ మెత్తబడితే మాస్టారెలా అవుతాడు?

“ఏడిశావులే. సెవెన్త్ కార్డులు మళ్ళీ మొదట్నుంచీ చెప్పు.”

ఆదివారం ఫంక్షన్ హాలుకి దత్తాత్రేయ వెళ్ళేసరికి పాట మొదలైపోయింది. వెనక వరసలో కుర్చీ లాక్కుని, అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నాడు. పాట వినడానికి కళ్ళతో పనేమిటని ఆయన వాదం.

తిరుమలరావు భార్య యమున పాడుతోంది. బేస్ కింద నుంచి స మోస్తోంది. ఆ మధ్యలో గిటార్ చాలా పొదుపుగా పలుకుతోంది. ఒక చోట రెండు తీగలు, మరో చోట ఒకటే. పంచమం ఎక్కడా లేదు. లేదని దత్తాత్రేయ చెవికి తెలుస్తోంది గానీ, పాటకి ఏ లోటూ తెలియడం లేదు. చరణం చివర గ ఒక్క మెట్టు దిగింది. ఆయన ఎవరైనా చూస్తారేమోనని కూడా అనుకోకుండా కళ్ళు తుడుచుకున్నాడు. ముప్ఫయ్యేళ్ళు తను నోటితో చెప్పిందంతా ఎవరో ఇవాళ వాయించి చూపిస్తున్నట్టుంది.

పాటయిపోగానే జగన్నాధం కుర్చీలోంచి లేచాడు.

“కొత్తవలసకి కబురెట్టీండి, రావద్దని. ఈ సీటు మా తిరుమలరావుదే.”

యమున కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చేసింది. దత్తాత్రేయని చూసి గబగబా వచ్చి కాళ్ళకి దండం పెట్టింది.

“మీవల్లే మాస్టారూ. ఈ నాలుగు నెలల్లో ఆయన్ని తిట్టినోళ్ళు మీరొక్కరే.”

ఇది మెప్పో దెప్పో దత్తాత్రేయకి అర్థం కాలేదు. సరాసరి తిరుమలరావు దగ్గరకి నడిచాడు. అతను గిటార్ వదలకుండా అలాగే కూర్చుని, కళ్ళనీళ్ళతో నవ్వుతున్నాడు.

“బాగా వాయించావురా, వెధవా. చాలా బాగా వాయించావు. ఇంత తెలిసినవాడివి, కార్డు పూర్తిగా పట్టడానికి ఆ బద్ధకమేమిట్రా? ఏదీ, ఆ ఎడమచెయ్యి ఇలా తే. ఆ వేళ్ళకి రెండు తగిలిస్తాను.”

తిరుమలరావు గిటార్ మెడ వదిలి, చెయ్యి చాపాడు.

బొటనవేలు కాక, దానికి మిగిలినవి రెండే వేళ్ళు.