కుర్చీ మీద కోటు

తెల్లవారుజాము నుంచి ఒకటే వాన. ఆ రోజు పని రెండు వందల బీమా దరఖాస్తులు సరిచూడటం. గుమస్తా అందులో సగం ముందురోజే ఇంట్లో కూర్చుని ముగించింది.

"మా ఆయనకి నడుం ఆపరేషనైంది సార్. లేపి కూర్చోబెట్టడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు. రెండు వారాలు ఇంటి నుంచే చేస్తాను," అంది మేనేజరుతో.

మేనేజరుకి దరఖాస్తులు చూడటం రాదు. కుర్చీలు లెక్కపెట్టడం వచ్చు.

"ఇంట్లో చేసేది పనో, కునుకో నాకెలా తెలుస్తుందమ్మా? ఆయన్ని చూసి నేర్చుకో," అని కిటికీ పక్క కుర్చీ చూపించాడు. దాని మీద సీనియరు గుమస్తా కోటు వేలాడుతోంది. "అందరికంటే ముందొస్తాడు. నీలా సాకులు చెప్పడు."

అంత వానలోనూ కోటుకి చుక్క తడి లేదు. భుజాల మీద మాత్రం వేలితో పేరు రాయగలిగినంత దుమ్ముంది.

ఆమె తన కుర్చీకి వెళ్ళి, సెలవు చీటీ రాసి మేనేజరు గదికి తెచ్చింది. లైటు వెలుగుతోంది. ఫ్యాను తిరుగుతోంది. కుర్చీకి కోటు తగిలించి ఉంది.

"సారు కోసమా? కోటు తగిలించారంటే ఇక రేపేనమ్మా. రోజూ అంతేగా," అంది గది తుడిచే ఆవిడ.

ఆమె చీటీ చింపేసింది. స్వెట్టరు విప్పి తన కుర్చీకి తగిలించింది.

ఆ పొద్దున మేనేజరు పదింబావుకి వెళ్ళాడు. ఆమె పదిన్నరకి వెళ్ళింది.