మళ్లీ నల్లబడిందండీ

"మళ్లీ నల్లబడిందండీ!"

షెడ్డు ముందు ట్రాక్టర్ ఆపి, ఆ అమ్మాయి చెంగున కిందికి దూకింది. ఆయిల్ సంగతి తర్వాత, ముందు మెకానిక్ మొహం ఎర్రబడింది. కొత్త ఆయిల్ పోసి పంపింది పోయిన వారమే.

ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగాడు. గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీశాడు. కాటుకలా ఉంది. వేళ్ల మధ్య రుద్ది చూశాడు. జిడ్డు చక్కగానే ఉంది.

"డీజిల్ ఇంజన్ కదండీ, మసినంతా ఆయిలే లాగేసుకుంటుంది. నల్లబడిందంటే పని చేస్తోందన్నమాట. పాలు కలిసినట్టు తెల్లబడితేనే భయపడాలి. అప్పుడు నీళ్లు చేరినట్టు."

"అయితే మార్చరా?"

"మూడు నెలల దాకా అక్కర్లేదండీ."

"మూడు నెలలా!" ఆ అమ్మాయి మొహం వాడిపోయింది.

ట్రాక్టర్ అలా మలుపు తిరిగిందో లేదో, సామాన్ల కౌంటర్ వెనక నుంచి అక్క విరుచుకుపడింది.

"ఒరేయ్, పొద్దస్తమానం ఆ పిల్ల కోసం వీధిలోకి చూస్తావు. తీరా వస్తే మూడు నెలలు రావద్దంటావా? మార్చేస్తే నీ సొమ్మేం పోయింది?"

"బాగున్న ఆయిల్ పారబోయమంటావా అక్కా? ఆ అమ్మాయికి ఏమీ తెలీదు. మోసం చెయ్యలేను."

"నీ నిజాయితీ తగలెయ్య! ఇలాగైతే ఈ జన్మలో నీకు పెళ్లి కాదు."

అయినా మరుసటి వారం ఆమె వచ్చింది. ఆయిల్ మళ్లీ నల్లబడిందట. అతను గోడ మీద బొగ్గుముక్కతో ఇంజన్ బొమ్మ గీసి, మొదటి నుంచి ఓపిగ్గా చెప్పాడు. చెంపకి చెయ్యి ఆనించుకుని, కళ్లార్పకుండా వింది.

"ఒక్క ముక్క బుర్రకెక్కలేదండీ. మళ్లీ చెబుతారా?"

పాపం అనుకుని మళ్లీ చెప్పాడు. ఈసారి ఫిల్టర్ బొమ్మ కూడా గీశాడు.

ఆ తర్వాత ఆమె రాలేదు. వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. అంత విడమరిచి చెప్పాక ఇంకెందుకు వస్తుంది? తన నోటితో తానే పోగొట్టుకున్నానని అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

"నీ ఏడుపు మొహం చూస్తే వచ్చే బేరం కూడా వెనక్కి పోతుంది" అంటూ, ట్రాక్టర్ మెకానిక్‌లకి పట్నంలో శిక్షణ తరగతులు పెడితే అక్క అతణ్ణి అక్కడికి తరిమింది. వెళ్లి ఆఖరి బెంచీలో కూలబడ్డాడు.

ఇంజన్ ఆయిల్ గురించి పాఠం చెప్పడానికి సుద్దముక్క పట్టుకుని హుషారుగా లోపలికొచ్చి, ఆఖరి బెంచీలో అతణ్ణి చూసి గుమ్మంలోనే నాలిక్కరుచుకున్న టీచరు, ఆ అమ్మాయే.