తొండూరు నుంచి గుండె చప్పుడు

డాక్టర్ విష్ణువర్ధన్ ప్రొద్దుటూరులోని తన క్లినిక్‌లో కూర్చుని, పొద్దుగూకాక తొండూరు రోగులను వీడియోలో చూసేవాడు. అక్కడి నర్సు రెబెకా రోగి ఛాతీకి నెట్‌తో కలిపిన స్టెతస్కోపు ఆనిస్తే, ఆ గుండె చప్పుడు ఇక్కడ అతని చెవుల్లో వినబడేది.

ఆ రోజు చివరి రోగి వెళ్లిపోయి శానాసేపైనా చప్పుడు ఆగలేదు. రెబెకాకు ఫోన్ చేశాడు.

"స్టెతస్కోపు ఎవురికి పెట్టినావమ్మా?"

"ఎవురికీ పెట్టలేదు సార్. ఆస్పత్రికి తాళమేసి ఇంటికొచ్చినా."

చెవుల్లో గుండె వేగంగా కొట్టుకుంటోంది. మధ్యమధ్య ఒక దెబ్బ తప్పుతోంది. ఆ తప్పడాన్ని అతను గుర్తుపట్టాడు. పోయిన వారం ఆయాసంతో వచ్చిన ప్రేమమ్మ గుండె అది. తను వెళ్లాల్సిన విందుకు ఆలస్యమవుతోందని, ఆమెను పెద్దాసుపత్రికి పంపకుండా మాత్రలు రాసి పంపేశాడు. తెల్లారేసరికి ఆమె చనిపోయింది.

కంప్యూటర్ ఆపేశాడు. ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. చప్పుడు ఇంకా వినబడుతోంది, ఇప్పుడు అతని వెనకనుంచి. కుర్చీ తిప్పి చూసే ధైర్యం రాలేదు.

చొక్కా మీదుగా చల్లని స్టెతస్కోపు బిళ్ల ఒకటి వీపుకు ఆనింది.

"ఊపిరి గట్టిగా పీల్చు సారూ," అంది ఒక ఆడగొంతు.

అతను పీల్చాడు.

"ఇంగ వదలొద్దు."