ఎర్రగుడ్డ కట్టిన పుల్లలు

“నా పుల్లలు పీకిందెవరు?”

వేదవల్లి కేక బొమ్మిడి స్టేషన్ దాకా వినిపించి ఉంటుంది. తొలివానకు ఆ పల్లపు చేలో పదకొండు గుంటల్లో నీళ్ళు నిలిచాయి. ఎండాకాలమంతా మట్టిలో దాక్కున్న బోదురుకప్పలు పైకొచ్చి వాటిలో గుడ్లు పెట్టాయి. సేలం కాలేజీలో పరిశోధన చేస్తున్న వేదవల్లి మొన్నంతా బురదలో తిరిగి, గుంట గుంటకీ గుర్తుగా ఎర్రగుడ్డ కట్టిన పుల్ల గుచ్చింది. ఇవాళ ఒక్కటీ లేదు.

“నేనే పీకినాను,” అంది రంగమ్మ. చేను ఆమెదే. గట్టు మీద కూర్చుని విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తోంది. ఆ నింపాది చూసి వేదవల్లికి ఒళ్ళు మండిపోయింది.

“బుద్ధుందా అవ్వా నీకు? నాలుగేండ్ల కింద ఈడ నలభై గుంటల్లో గుడ్లుండె. ఇప్పుడు పదకొండు! కాళ్ళు కోసి పరదేశాలకు అమ్ముకునేవాళ్ళు ఒక్క కప్పనైనా మిగలనిస్తారా? ఈ లెక్క చూపిస్తేనే కదా, కప్పల్ని పట్టేది కవర్మెంటు నిలిపేది!”

అది ఎనభై అయిదో సంవత్సరం. కప్పకాళ్ళ ఎగుమతి జోరుగా సాగుతున్న రోజులు.

“కప్పలు పోతే కష్టం నీకా, నాకా?” అంది రంగమ్మ. “పోయినేడు పురుగు నా చేనంతా మేసేసింది.”

“మరి పుల్లలెందుకు పీకినావు?”

“అరవద్దు పాపా. నాకేం చెవుడు లేదు.”

“అరుస్తాను! తొమ్మిదికంతా మా సారు జీపులో వస్తానన్నాడు. రానీ, నిన్ను కలెక్టరు ముందర నిలబెట్టిస్తాను!”

వాచీ చూసుకుంది. పదిన్నర. సారు మీద కూడా కోపమొచ్చింది.

రంగమ్మ చేట పక్కకు విసిరి లేచింది. అంతసేపూ అణచుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

“నిన్న సాయంత్రం గోతాలెత్తుకోని నలుగురు దిగినారు. ‘ఎర్రగుడ్డలు కట్టిన చేను యాడుంది?’ అని కాళియప్పన్ టీ అంగట్లో అడిగినారు. వెతుక్కునే పని కూడా లేకుండా గుడ్డలు కట్టి పెట్టినావే, చదువుకున్న తల్లీ!”

వేదవల్లి గబుక్కున గుంటల వైపు తిరిగి చూసింది. ఊరంతటికీ కనబడే ఎర్రగుడ్డ దొంగలకూ కనబడుతుందన్న ఇంగితం తనకెందుకు లేకపోయింది?

“మరి... పట్టుకోని పోయినారా?”

“పోనిస్తానా? వాళ్ళు టీ తాగే లోపల పరిగెత్తుకోని వచ్చి అన్నీ పీకినాను. తీసుకుపోయి ఆ తేళ్ళ మిట్టలో గుచ్చినాను. వాన పడితే ఆడ రాయికొక తేలు లేస్తుందని ఈ ఊర్లో బిడ్డలకు కూడా తెలుసు. పై ఊరోళ్ళకు ఏం తెలుసు?”

కోపంలోనూ వేదవల్లికి నవ్వాగలేదు.

“కుట్టిందా?”

“కుట్టకుండా ఉంటుందా! ‘నీళ్ళు లేకుంటేనేం, కప్పలు రాళ్ళ కింద ఉంటాయి, చూడండి’ అని పెద్దగా చెప్తా రాయెత్తినాడు ఒకడు. చెయ్యి రోకలంత వాచింది. రాత్రికి రాత్రే ధర్మపురి ఆస్పత్రికి మోసుకుపోయినారు.”

“మంచి పని జరిగింది! ఎవడు వాడు?”

“పోయిన నెల మా ఊరి బడికాడ నిలబడి, కప్పల్ని కాపాడండని చేతులెత్తి మొక్కిపోయినాడే, మీ సారు.”