తలగడ పక్కన పొట్లం

“ఏవండీ, మన పెద్దది చెయ్యి దాటిపోతోంది. నా మనసు కీడే శంకిస్తోంది.”

నిచ్చెన మీద నిలబడి కిటికీకి రంగుదీపాల తీగ కడుతున్న భర్త కిందికి చూడలేదు. అతను లిఫ్టుల మెకానిక్కు. ఎత్తులో ఉన్నప్పుడు ఎవరు పిలిచినా తల తిప్పకూడదని ఉద్యోగం నేర్పింది.

“నీ మనసు మంచినెప్పుడు శంకించింది గనక? పోయినేడు ఈ దీపాలు పెడితే ఇల్లు తగలబడుతుందన్నావు.”

“తగలబడలేదు గానీ, వైరు వేడెక్కింది కదా!” అని ఆమె గొంతు తగ్గించింది. “పదిహేనేళ్లు నిండాయో లేదో, గదికి గడియ వేసుకుంటోంది. స్కూలు వదిలాక గంట ఆలస్యం. ఎందుకే అంటే ‘పనుందమ్మా’ అంటుంది. దానికక్కడ ఏం పనండీ? వస్తువులైనా జాగ్రత్తగా దాచుకుంటుందా అంటే అదీ లేదు. చిన్నప్పటి బొమ్మలు ఒక్కటీ మిగల్చకుండా పారేసుకుంది.”

పక్క గదిలో అక్కాతమ్ముళ్లు ప్లాస్టిక్ చెట్టుకు దూది అంటిస్తున్నారు. ముక్కు మీద దూది పెట్టుకుని చిన్నవాడు పరిగెత్తుకొచ్చాడు.

“అమ్మా, క్రిస్మస్ తాత ఈసారి కూడా వస్తాడా?”

“మంచి పిల్లలకైతే వస్తాడు. అల్లరి పిల్లల వైపు కన్నెత్తి కూడా చూడడు.”

“వాడితో అలా అనకమ్మా,” అంది పెద్దది గదిలోంచే.

“విన్నారా ఎదురు మాట?” అన్నట్టు తల్లి మొగుడి వైపు చూసింది.

ఆ ఇంట్లో తాత విషయంలో గట్టి నియమం ఒకటుంది. పెద్దది పుట్టిన ఏడే అత్తగారు పోతూ పోతూ అప్పగించి వెళ్లింది. పండుగనాడు తెల్లవారేసరికి పిల్లల తలగడ పక్కన పొట్లం ఉండాలి. అందులో ఏముందో పిల్లలు పెద్దవాళ్లకు చూపించకూడదు, ఎవరూ అడగకూడదు. పెద్దవాళ్లు తమలో తాము కూడా దాని ఊసెత్తకూడదు. ఎత్తారో, మరుసటేడు తాత దారి తప్పుతాడు. అందుకే తల్లి ఆ పొద్దున “వచ్చిందా?” అని మాత్రం అడిగేది. “వచ్చింది” అనేవారు పిల్లలు. మాట వరసకైనా చెప్పకుండా భర్త ఎంత గుట్టుగా నడిపిస్తున్నాడో అని ఆమె లోలోపల మురిసిపోయేది.

తల్లి దుప్పట్లు మారుద్దామని పెద్దదాని బీరువా తెరిచింది. మడత పెట్టిన స్వెటర్ల కింద చేతికేదో గట్టిగా తగిలింది. ఎర్ర కాగితం చుట్టి, రిబ్బను కట్టిన పొట్లం.

ఆమె దాన్ని కొంగు చాటున దాచుకుంది.

చిన్నవాణ్ణి కత్తెర తెమ్మని కింది వాటా పిన్నిగారి దగ్గరికి పంపింది. పెద్దదాన్ని హాల్లోకి లాక్కొచ్చింది.

“ఎవడిచ్చాడే ఇది?”

పిల్ల మొహం తెల్లబోయింది.

“ఎవరూ ఇవ్వలేదమ్మా. ఇలా ఇచ్చెయ్యి, ప్లీజ్.”

“చూశారా? నేను మొత్తుకుంటూనే ఉన్నాను! రేపు పేరు చెబుతుంది, ఎల్లుండి పెట్టె సర్దుతుంది!”

భర్త నిచ్చెన దిగి, పొట్లం అందుకుని విప్పాడు. లోపల చెక్కతో చేసిన బుల్లి పడవ. నీలిరంగు ఇంకా వాసన వేస్తోంది.

“ప్రేమించినవాడు బొమ్మ పడవ ఇస్తాడటే? వాడు మన చిన్నాడి కంటే చిన్నవాడై ఉండాలి.”

“నేనే చేశాను నాన్నా. తమ్ముడికి.”

“వాడికి నువ్వెందుకే చెయ్యడం? వాడి పొట్లం నాన్న పెడతారు కదా!” నోరు జారాక తల్లి నాలుక కరుచుకుంది.

భర్త తలెత్తాడు. “నేను పెట్టడమేమిటి? పెట్టేది నువ్వు కదా?”

“నేనా? మీ అమ్మగారి పద్ధతి కదా, మీరే చూసుకుంటున్నారనుకున్నాను!”

“పిల్లల సంగతులన్నీ చూసేది నువ్వే కదా. ఊసెత్తకూడదన్నారని నేను నోరు కుట్టుకుని కూర్చున్నాను.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“అయితే ఇన్నేళ్లుగా ఇంట్లోకి ఎవడో వస్తున్నాడు!” ఆమె వెనక తలుపు వైపు చెయ్యి చూపించింది. “పిల్లల మంచాల దాకా వస్తున్నాడండీ! వెనక తలుపు గడియ వదులైందని నెత్తీనోరూ కొట్టుకున్నాను, విన్నారా?”

“బొమ్మలు పెట్టిపోయే దొంగ ఎక్కడైనా ఉంటాడా?” అన్నాడు గానీ, వెళ్లి ఆ గడియ లాగి చూశాడు.

“ఎవరూ రావట్లేదు నాన్నా.” పెద్దది నేల చూపులు చూస్తోంది. “తమ్ముడికి పెట్టేది నేనే. మొదట్లో నా బొమ్మలు కడిగి, రంగు మార్చి, కాగితం చుట్టి పెట్టేదాన్ని. అవన్నీ అయిపోయాయి. అందుకే స్కూలయ్యాక చెక్కపని నేర్చుకుంటున్నా.”

తల్లికి పోయిన ప్రాణం లేచొచ్చింది. “ఓసి నా తల్లీ! ఎవడో అనుకుని చచ్చాను కదే!” అంటూ పిల్లను వాటేసుకుని, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

భర్త నవ్వలేదు. గడియ మీద చెయ్యి అలాగే ఉంది.

“అమ్మలూ, తమ్ముడు పుట్టకముందు కూడా మీ అమ్మ అడిగితే ‘వచ్చింది’ అనేదానివి కదా. మరి నీకెవరు పెట్టేవారు?”

పిల్ల పడవను చేతిలోకి తీసుకుంది. కిటికీలో దీపాలు వెలుగుతున్నాయి, ఆరుతున్నాయి.

“చెప్పవే,” అంది తల్లి, నవ్వు సగంలో ఆగిపోయి. “నీకెవరు పెట్టారు?”

పెద్దది పడవను మళ్లీ ఎర్ర కాగితంలో పెట్టి, మడతలు సరిచేసి, రిబ్బను ముడి వేసింది. తల్లి చేతులు దాని భుజాల మీదే బిగుసుకుపోయి ఉన్నాయి.

“నాకెప్పుడూ ఎవరూ పెట్టలేదమ్మా.”