రెండు వందల నలభై పౌండ్ల మనిషి

"నా పెళ్ళాం బరువెంతో నీకెలా తెలుసు?"

వెర్నన్ అరుపుకి, ట్రక్కు కింద పడుకుని బోల్టు బిగిస్తున్న ఆర్లో ఉలిక్కిపడి తల ఎత్తాడు. నుదురు ఛాసిస్‌కి ఠంగున కొట్టుకుంది. "అబ్బా" అని రుద్దుకుంటూ బయటికి పాకాడు. డెబ్భై దాటిన పక్కింటి ముసలాయన. మాంటానాలో ఆ చుట్టుపక్కల సగం ట్రక్కులు అతని చేతి మీదే నడుస్తున్నాయి.

వెర్నన్ చేతిలో బానెట్ మీద దొరికిన కాగితం ఉంది. 'లొరేన్, నూట నలభై రెండు పౌండ్లు' అని పెన్సిలు రాత.

"బరువు తెలీకుండా బండి ఎలా సిద్ధం చెయ్యమంటావయ్యా?" అన్నాడు ఆర్లో. "మంచం, పొయ్యి, ఫ్రిజ్ అన్నీ ఉన్న గదిని, అదే ఈ క్యాంపర్‌ని, ట్రక్కు వీపు మీదికి ఎక్కిస్తున్నాం. బరువు వెనక ఇరుసుకి కాస్త ముందు పడాలి. అటూ ఇటూ అయిందో, మలుపులో బండి తిన్నగా లోయలోకే. మనిషితో సహా ప్రతిదీ తూచి రాయాల్సిందే. నీ భార్యని అడిగాను, చెప్పింది."

"అడగ్గానే చెప్పేసిందా! మొగుణ్ణి, నాకే చెప్పలేదు!"

"నువ్వెప్పుడైనా అడిగావా?"

వెర్నన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆగస్టు నుంచీ ప్రతి శనివారం లొరేన్ ఆర్లో షెడ్డులోనే ఉంటోంది. ఇంట్లో కాఫీ పెట్టే తీరిక లేదు గానీ ఇక్కడికి ఫ్లాస్కు నిండా తెస్తోంది. ఇద్దరూ కలిసి గట్టి టైర్లు వేశారు, వెనక స్ప్రింగులకి గాలి తిత్తులు బిగించారు, క్యాంపర్ కదలకుండా నాలుగు మూలలా గొలుసులు అమర్చారు. వెర్నన్ వంటింటి కిటికీలోంచి చూస్తూ లోలోపల కుతకుత ఉడికిపోయాడు. చలికాలం వెచ్చగా ఉండే అరిజోనాకి వెళ్తున్నానని ఆమె చెప్పింది. ఎవరితోనో చెప్పలేదు. అతనూ అడగలేదు. అడిగితే జవాబు వినాల్సి వస్తుందని భయం.

పక్కనే జాకీ కాళ్ళ మీద నిలబెట్టి ఉన్న క్యాంపర్‌లోంచి, ఇనప పెనం పట్టుకుని లొరేన్ దిగింది.

"ఏమిటా కేకలు? వీధంతా వినబడుతోంది."

"విననీ! నీ పేరు కింద ఇంకో మనిషి ఉన్నాడు. పేరు లేదు, ఉత్త బరువే. రెండు వందల నలభై. ఎవడు వాడు?"

ఆర్లో ఆమె వంక చూశాడు. "చెప్పెయ్యనా, తల్లీ?"

"వద్దు, ఆగండి. ఎవరనుకుంటాడో చూద్దాం."

"చూసేదేముంది? ఈ ముసలాడే!"

ఆర్లో పకపకా నవ్వాడు. "నేనా! నా నడుం మీద ప్యాంటే నిలబడదు కదయ్యా."

"అయితే ఎక్కు!"

షెడ్డు నేల మీద బరువు చూసుకునే మిషను ఉంది. పొద్దుటి నుంచీ గిన్నెలు, కుర్చీలు, దుప్పట్లు దాని మీదే తూస్తున్నారు. ఆర్లో బూట్లతో సహా ఎక్కాడు. నూట యాభై ఎనిమిది.

"ఒక కాలు నేలకి ఆనించావు. మళ్ళీ ఎక్కు!"

మళ్ళీ ఎక్కాడు. అంతే. ఒక్క పౌండు తేడా లేదు.

వెర్నన్ అక్కడితో ఊరుకుంటేనా! "అయితే చర్చిలో గిటారు వాయించే రస్సెల్‌గాడు! వాడే దున్నపోతులా ఉంటాడు. లేకపోతే ఆ పార్సిళ్ళు తెచ్చేవాడు. అందరికీ గుమ్మంలో పడేసి పోతాడు, నీకు మాత్రం లోపలిదాకా తెచ్చి పెడతాడు!"

"ఇంకా ఎవరైనా ఉన్నారా?" అంది లొరేన్. పెనాన్ని నెమ్మదిగా కింద పెట్టింది.

"ఇక చాలు ఆపవయ్యా," అన్నాడు ఆర్లో. "ఈసారి నువ్వెక్కు."

"నేనెందుకు?"

"ఊళ్ళో ఉన్న మగవాళ్ళందరూ అయిపోయారు, నువ్వొక్కడివే మిగిలావు. ఎక్కు."

వెర్నన్ కాగితాన్ని బానెట్ మీద పడేసి విసురుగా ఎక్కాడు. ముల్లు అటూ ఇటూ ఊగి ఆగింది. వంగి చూశాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. రెండు వందల నలభై.

"నేనా?" గొంతు కీచుమంది. "నన్ను తీసుకెళ్తున్నావా?"

"పోయిన నెల డాక్టరు ఇచ్చిన చీటీ చూసి రాశాను," అంది లొరేన్. "నేనూ వస్తానని ఒక్క మాట అంటావేమోనని ఇన్నాళ్ళూ చూశాను."

"నీకోసం ఈవిడ ఏం చేసిందో తెలుసా?" అన్నాడు ఆర్లో. "నువ్వెక్కితే ట్రక్కు మొయ్యాల్సిన దానికన్నా బరువెక్కువవుతోంది. అందుకని నీళ్ళ ట్యాంకు ముప్పాతిక ఖాళీగా ఉంచమంది. పోయేది ఎడారికయ్యా!"

వెర్నన్‌కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సంతోషం పట్టలేక మిషను మీదే ఒక గంతు వేశాడు. "ఓసి పిచ్చిదానా! నేనేమేమో అనుకున్నాను. ఉండు, ఇప్పుడే వెళ్ళి బట్టలు సర్దుకుంటా!" అంటూ పరుగు తీశాడు. షెడ్డు తలుపు దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి తిరిగాడు.

"అవునూ, ఆ రస్సెల్‌గాడు కూడా చలికాలం అరిజోనాకే పోతాడు కదూ?"

లొరేన్ ఆర్లో చెవి మీది పెన్సిలు తీసుకుని, కాగితాన్ని ట్రక్కు తలుపు మీద ఆనించి, చివరి వరసలో ఉన్న రెండు వందల నలభైని అడ్డంగా కొట్టేసింది.

"ఆర్లో, ట్యాంకు నిండా నీళ్ళు పట్టండి."