ముప్పావు పౌను

“ముప్పావు పౌను ఎక్కువుంది,” అన్నాడు తూకం దగ్గర కూర్చున్న పెద్దాయన, ఇంగ్లీషులో, చాలా మర్యాదగా. “పావుగంట టైమిస్తాను. ఏదైనా తగ్గించుకుని రండి.”

తన్వి బండిలోంచి తల పైకెత్తి అమ్మనీ నాన్ననీ చూసింది. పన్నెండేళ్ల పిల్ల. ఇంజిన్ లేని ఆ బుల్లి బండి కొండ వాలులో దానంతటదే దొర్లాలి. బండీ, నడిపే పిల్లా కలిపి రెండొందల నలభై పౌన్లు మించకూడదు. మించితే పోటీలో దిగనివ్వరు. వచ్చే ఏడాదికి ఈ విభాగంలో తన్వి వయసు చెల్లదు. అంటే ఇదే ఆఖరు చాంపియన్‌షిప్.

శశికాంత్ భార్య వైపు తిరిగాడు. “నిన్న గరాజ్‌లో వెయిట్ చూశాను. కరెక్ట్‌గా టూ ఫార్టీ. తర్వాత బండిలో ఒక్క బోల్ట్ కూడా మార్చలేదు. పొద్దున పిల్లకేం పెట్టావ్?”

“రెండు ఇడ్లీలు.”

“రెండేనా?”

“మూడు,” అంది ఉజ్వల, దొంగతనం ఒప్పుకున్నట్టు.

“ఇంకేం! చక్రాల కింద నిమ్మకాయలు పెడదామని గొడవ చేయడం తెలుసు గానీ, ఈ సంగతి మాత్రం తట్టదు. కొండ దిగేది గ్రావిటీతో ఉజ్వలా, నీ పూజలతో కాదు.”

ఉజ్వల ఇడ్లీల కోసం తెల్లవారుజామున రెండింటికే లేచింది. కమ్మింగ్‌లో ఇంటి నుంచి నాలుగు గంటలు కార్లో కూర్చుని వచ్చింది. వాదించాలంటే ఓపిక ఉండాలి కదా.

“దాని దుద్దులు తీసెయ్, క్లిప్పులు తీసెయ్. బాత్రూమ్‌కి తీసుకెళ్లు. వాటర్ వెయిట్ ఎంతో కొంత తగ్గుతుంది,” అన్నాడు శశికాంత్. మణికట్టుకి గాజులా తొడుక్కున్న నల్ల టేపు చుట్టని సర్దుకుంటూ బండి పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. “నేను బోల్టులు ఇంకోసారి చూస్తాను.”

బాత్రూముల దగ్గర పెద్ద క్యూ. తలమీద జులై ఎండ. ఉజ్వల పిల్ల చెవి దుద్దులు తీసి పర్సులో వేసుకుంటుంటే తన్వి మెల్లగా అడిగింది.

“మమ్మీ, నేను ఫ్యాట్ అయ్యానా?”

“కాదమ్మా. ఎదుగుతున్నావ్.”

“సేమ్ థింగ్ కదా.”

ఉజ్వల దాని జుట్టులోంచి క్లిప్పులు తీసింది. ఆ మూడో ఇడ్లీ వద్దంటే వినకుండా నోట్లో కుక్కింది తనే.

తిరిగొచ్చాక మళ్లీ తూకం. పెద్దాయన కళ్లజోడు సవరించుకుని చూశాడు. రెండొందల నలభై. సరిగ్గా.

“చూశావా!” అన్నాడు శశికాంత్. “నేను చెప్పలేదూ? రేస్ అయ్యేదాకా దానికి ఏమీ పెట్టకు. ప్రతి రౌండ్‌కి ముందు మళ్లీ వెయిట్ చూస్తారు.”

దాంతో తన్వి నీళ్లు కూడా ముట్టలేదు. మొదటి రౌండు వెంట్రుకవాసి తేడాతో గెలిచింది. గెలిచి కూడా నవ్వలేదు. మధ్యాహ్నం చుట్టూ పిల్లలందరూ పిజ్జా తింటుంటే మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చుంది. ఉజ్వల పులిహోర డబ్బా మూత తీసింది.

“ఒక్క ముద్ద తినమ్మా.”

“నో. మళ్లీ వెయిట్ ఎక్కువ వస్తుంది.”

డబ్బా మూసేసింది. పిల్ల తినకపోతే ఆమెకీ ముద్ద దిగదు. శశికాంత్ మాత్రం ఆఫీసు కాల్ మాట్లాడుతూ ఒక శాండ్‌విచ్ కానిచ్చాడు.

రెండో రౌండులో బండి సగం దూరం బాణంలా వచ్చింది. అక్కడ తన్వి చేతులు వణికాయి. స్టీరింగ్ కాస్త పక్కకి లాగింది. పక్క లేన్ పిల్లాడు దూసుకుపోయాడు. అంతే, అయిపోయింది. పిల్ల ఏడుస్తుందని ఉజ్వల చేతులు చాచి పరుగెత్తింది గానీ, తన్వి హెల్మెట్ తీసి ఆమె చేతికిచ్చి కారు వైపు నడిచింది. దానికి ఏడ్చే ఓపిక కూడా మిగల్లేదు.

బండిని ట్రెయిలర్ మీద కట్టేసరికి సాయంత్రం ఐదయింది. తన్వి వెనక సీట్లో ముడుచుకుని కూర్చుంది.

“ఇప్పుడైనా తినమ్మా, అయిపోయింది కదా రేసు.”

“వద్దు మమ్మీ. ఐ యామ్ టూ హెవీ.”

ఉజ్వల డబ్బా వెనక సీట్లోనే పెట్టి తలుపు వేసింది. రేసు పోతే పోయింది. ఈ మాట ఎప్పటికి పోతుంది?

“పట్టించుకోకు. రెండ్రోజుల్లో అదే మర్చిపోతుంది,” అన్నాడు శశికాంత్ ఆవులిస్తూ. “కళ్లు మూతలు పడుతున్నాయి, నువ్వు డ్రైవ్ చెయ్యి. కీస్ నా లాప్‌టాప్ బ్యాగ్‌లో ఉన్నాయి.” ముందు సీటు వెనక్కి వాల్చుకుని పడుకున్నాడు.

ఉజ్వల డిక్కీలో ఉన్న బ్యాగు తెరిచి చెయ్యి పెట్టింది. చార్జరు, ఆఫీసు బ్యాడ్జి, తాళాలు. వాటి కింద గట్టిగా, బరువుగా ఇంకేదో తగిలింది. బయటికి తీసింది.

అరచేతిలో ఇమిడే ఇత్తడి ఆంజనేయస్వామి. తన దేవుడి గూట్లో ఉండాల్సినవాడు. నుదుట నిన్నటి కుంకుమ అలాగే ఉంది. వీపుకి మాత్రం రెండు పట్టీలుగా నల్ల టేపు అంటుకుని ఉంది.

ఆమె ముందు సీటు కిటికీ దగ్గరికి వచ్చి చూసింది. శశికాంత్ కళ్లు మూసుకునే ఉన్నాడు. నిద్ర నటించడం కూడా సరిగ్గా రాదు ఆ మనిషికి, రెప్పలు అదురుతున్నాయి.

ఉజ్వల వెనక తలుపు తీసి, పులిహోర డబ్బా మూత తీసి పిల్ల పక్కన పెట్టింది. స్వామిని తెచ్చి దాని చేతిలో పెట్టింది.

“తిను తన్వీ,” అంది. “ఇదిగో, పొద్దున ఎక్కువైన ముప్పావు పౌను. డాడీ బ్యాగ్‌లో దొరికింది.”